ధ్వనిని కొలిచిన ఆచార్యుడు: వాలస్ సేబిన్ జీవిత చరిత్రము

గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము విప్పిన పాఠకుడు కోరునవి రెండు. ఒకటి వెలుతురు, రెండవది నిశ్శబ్దము. వెలుతురు ఎట్లు రావలెనో ఇల్లు కట్టు ప్రతి మేస్త్రికిని తెలియును. కిటికీ ఏ దిక్కున ఉండవలెనో, ఎంత వెడల్పున ఉండవలెనో అతడు అడుగకయే చెప్పును. నిశ్శబ్దము మాట అట్లు కాదు. ఒక గదిలో మాట ముత్యమువలె విడివిడిగా వినబడి, మరియొక గదిలో అదే మాట కలగాపులగమై చెవిని బాధించుటకు కారణమేమని అడిగినచో, పెద్ద పెద్ద వాస్తుశిల్పులు సైతము చిరకాలము అదృష్టమును చూపి ఊరకుండిరి. పారిస్ నగరమున ప్రసిద్ధమైన సంగీత నాటకశాలను నిర్మించిన చార్లెస్ గార్నియే, ధ్వని విషయమున తనకు ఏ సూత్రమును దొరకలేదనియు, భాగ్యమును నమ్ముకొని కట్టితిననియు దాచక వ్రాసికొనెను. అట్టి విషయమును భాగ్యము చేతినుండి తప్పించి కొలబద్దకు లోబరచిన మహనీయుడు వాలస్ క్లెమెంట్ సేబిన్. ఆయన అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు. ఆయన గతించి నూరేండ్లు దాటినది.

దూరదేశమున పుట్టి పెరిగిన ఆచార్యుని చరిత్రము మన పల్లెలకు ఏల అని కొందరికి తోచవచ్చును. 2008 మార్చి 23వ తేదీ నుండి హైదరాబాదు విమానముల రాకపోకలు బేగంపేట విడిచి శంషాబాదునకు తరలివచ్చినవి. సుమారు ఐదువేల ఐదువందల ఎకరముల విమానాశ్రయము, నాలుగు కిలోమీటర్లకు మించిన పొడవు గల పరుగుబాట ఈ నేలమీద వెలసినవి. వానితో పాటు రహదారులు, వాహనములు, రహదారి ప్రక్కన పెండ్లి మండపములు, ఆ మండపములలో ధ్వనివర్ధకములు వచ్చినవి. పంతులుగారు పాఠము చెప్పునపుడు పైన విమానము పోయినచో, ఆయన క్షణము ఆగి మరల మొదలుపెట్టవలెను. వెనుకబల్లమీది పిల్లవాడు ఆ క్షణమున జారిన మాటను మరల అడుగడు. ఇట్టిచోట సేబిన్ చరిత్రము పరాయివారి కథగా ఉండజాలదు. పైగా ధ్వనిని మెలకువతో వాడుకొనుట మన ప్రాంతమునకు క్రొత్తయు కాదు. గోలకొండ కోట ద్వారపు కప్పు క్రింద చప్పట్లు కొట్టినచో, ఆ చప్పుడు ఎత్తున ఉన్న బాలాహిస్సారు వరకు వినబడుట చూడని హైదరాబాదు యాత్రికుడు అరుదు. ఆ కోట కట్టినవారికి పని తెలియును. తెలిసిన పనిని అంకెలలో వ్రాసి తరువాతివారికి ఇచ్చుటయే మిగిలిపోయెను. ఆ మిగిలిన పనిని చేసినవాడు సేబిన్.

ఆయన 1868 జూన్ 13న ఒహాయో రాష్ట్రమున రిచ్‌వుడ్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి హైలస్ సేబిన్, తల్లి ఆనా. తల్లి దృఢచిత్త. బిడ్డల చదువే తన జీవితమునకు ఫలమని ఎంచినది. ఆమె చూపిన శ్రద్ధవలన బాలుడు ఈడుకు మించిన వేగమున తరగతులు దాటి, పదునెనిమిదవ యేటనే, 1886లో, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. అచ్చట థామస్ మెండెన్‌హాల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆయనకు గురువు. తరువాత తల్లి సంసారమును బోస్టను నగరమునకు మార్చి, కుమారుని హార్వర్డులో చేర్చెను. 1888లో ఆయన అచ్చట ఎం.ఏ. పట్టము పొందెను. డాక్టరు పట్టమునకై ఆయన ఎన్నడును ప్రయత్నింపలేదు. తరువాతి కాలమున విశ్వవిద్యాలయములే ఆయనకు గౌరవ పట్టములు ఇచ్చినవి.

పాఠము చెప్పుటలో ఆయనకు మిక్కిలి ప్రీతి. ప్రయోగశాలలో విద్యార్థుల ప్రక్కన నిలిచి చేయించుటలో ఇంకను ప్రీతి. పరిశోధన చేసి పేరు తెచ్చుకొనవలెనను తొందర ఆయనకు లేకుండెను. ఇరువది ఏడేండ్ల వయసు వరకు ఆయనను గూర్చి హార్వర్డు ఆవరణము వెలుపల తెలిసినవారు కొద్దిమందియే. అట్టివానిని 1895లో విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ పిలిపించి ఒక చిన్న పని అప్పగించెను. చిన్నదని ఎలియట్ అనుకొనియుండవచ్చును.

ఆ యేడు ఫాగ్ కళాప్రదర్శనశాలకు క్రొత్త భవనము కట్టిరి. అందులో అర్ధవలయాకారమున ఒక ఉపన్యాసశాల ఉండెను. చూపునకు అందమైనది. కాని ఉపన్యాసకుడు నోరు తెరచినంతనే దాని గుణము బయటపడెను. ఒక మాట పలికిన తరువాత దాని మ్రోత ఐదున్నర సెకనులకు పైగా గదిలో తిరుగుచుండెడిది. మనిషి అంతలో పది పండ్రెండు మాటలు పలుకును. మొదటి మాట చావకముందే పదవ మాట వచ్చి పైన పడును. వినువానికి మిగులునది తుమ్మెదల రొద. ఈ మ్రోతకు శాస్త్రమున ప్రతినాదమని పేరు. కొండకు ఎదురుగా అరచినపుడు విడిగా తిరిగివచ్చు ప్రతిధ్వని వేరు, గోడనుండి గోడకు, కప్పునుండి నేలకు వేలసారులు తగిలి ఎడతెగక నిలుచు ఈ ప్రతినాదము వేరు. క్రొత్తగా కట్టి సామాను చేర్చని ఇంట మాటలాడినవారందరును దీనిని ఎరుగుదురు. అదే ఇంట మంచములు, పరుపులు, బట్టలమూటలు చేరిన తరువాత ఆ మ్రోత తగ్గిపోవుటయు ఎరుగుదురు. ఎంత చేరిన ఎంత తగ్గునను లెక్క మాత్రము ఎవరికిని తెలియదు.

సేబిన్ ఆ లెక్కకు పూనుకొనెను. హార్వర్డులోనే శాండర్స్ నాటకశాల అను మరియొక శాల కలదు. అందు మాట చక్కగా వినబడునని పేరు. ఆ శాల బల్లలపై పరచెడి మెత్తలను ఆయన కొలబద్దగా ఎంచుకొనెను. రాత్రి అయిన తరువాత ఇద్దరు సహాయకులతో కలిసి మెత్తలను మోసికొనివచ్చి ఫాగ్ శాలలో పరచుట, తెల్లవారక పూర్వము వానిని మరల శాండర్స్ శాలకు చేర్చుట ఆ దినములలో ఆయన పని. వీథిలో ట్రాము బండ్లు ఆగి, ఊరు నిద్రించిన తరువాత గాని ప్రయోగము సాగదు. అర్ధరాత్రి మొదలు తెల్లవారుజాము వరకు ఆయన పనివేళ. పగలు యథాప్రకారము పాఠములు.

పరికరములు మిక్కిలి స్వల్పములు. సెకనునకు 512 కంపనములు చేయు ఒక ఆర్గను గొట్టము, దానికి గాలి ఇచ్చు తిత్తి, కాలమును గీతలుగా వ్రాయు యంత్రము, వినుటకు తన చెవి. గొట్టమును ఊదించి ఒక్కసారిగా ఆపవలెను. మ్రోత క్రమముగా సన్నగిల్లి చెవికి అందకుండ పోవు క్షణమును గుర్తింపవలెను. ఆ నడిమి కాలమే ప్రతినాద కాలము. ఒక్కొక్క స్థితికి అనేక పర్యాయములు కొలిచి సగటు తీయవలెను. మెత్తలు లేనపుడు ఐదున్నర సెకనులు దాటిన కాలము, ఒక్కొక్క వరుస మెత్తలు పరచినకొలదియు తగ్గుచు వచ్చి, బల్లలు, నడవలు, వేదిక, వెనుకగోడ అంతయు కప్పినపుడు సెకనునకు ఇంచుక మించి నిలిచెను.

ఈ పనిలో ఆయన చూపిన నిష్ఠకు ఒక నిదర్శనము చెప్పిన చాలును. కొంతకాలము కొలతలు సాగిన పిమ్మట, తాను వేసికొనిన దుస్తులు కూడ ధ్వనిని పీల్చుచున్నవనియు, ఒకనాటి దుస్తునకు మరియొకనాటి దుస్తునకు లెక్క మారుచున్నదనియు ఆయన కనిపెట్టెను. తేడా స్వల్పము. వేరొకడైనచో కంటికి ఆననట్లు ఊరకుండెడివాడు. ఆయన మాత్రము అంతవరకు రాత్రులు మేలుకొని కూర్చిన వేలకొలది కొలతలను పారవేసి, నాటినుండి ప్రయోగమునకు ఒకే రకపు దుస్తులు ధరించి, మొదటినుండి పని ఆరంభించెను. మనిషి దేహముపై కోటు కూడ గదిలోని సామానులో చేరునని అంతకు పూర్వము ఎవరును తలపలేదు.

రెండేండ్లు గడచినవి. ఎలియట్ ఓర్పు నశించెను. ఇక చాలునని, ఉన్న జ్ఞానముతోనే శాలను బాగుచేయవలెనని ఆజ్ఞ వచ్చెను. సేబిన్ గోడలకు వెండ్రుకలతో చేసిన దళసరి కంబళిని కొట్టించెను. శాల అద్భుతమేమియు కాలేదు గాని, పాఠము చెప్పుకొనుటకు పనికివచ్చెను. హార్వర్డువారికి అంతటితో సమస్య తీరెను. సేబిన్‌కు తీరలేదు. కొలతలు ఉన్నవి, వానిని కలిపి కట్టు సూత్రము చిక్కలేదు.

1898లో బోస్టను నగరపు సంగీత బృందమునకు క్రొత్త సభాభవనము కట్టదలచిరి. ఆ బృందమును స్థాపించి పోషించిన హెన్రీ హిగిన్సన్ ధనికుడు, పట్టుదల కలవాడు. భవన నిర్మాత చార్లెస్ మెకిమ్ నాటి అమెరికాలో అగ్రగణ్యుడు. సేబిన్ సలహా తీసికొనుడని ఎలియట్ వారికి చెప్పెను. సేబిన్ వెంటనే ఒప్పుకొనలేదు. తనకు సూత్రము తెలియదు. తెలియకయే తెలిసినట్లు చెప్పి లక్షల ధనము పోయించుట ఆయన స్వభావము కాదు. కొంత గడువు అడిగి ఇంట కూర్చుండి పాత కొలతలను మరల ముందు వేసికొనెను. అక్టోబరు 29వ తేదీ రాత్రి గుట్టు విడిపోయెను. పీల్చు వస్తువుల మొత్తమును ఒక గీతమీదను, ప్రతినాద కాలమును మరియొక గీతమీదను వేసినపుడు వచ్చు వక్రరేఖ అతిపరవలయమని, అనగా రెంటిని గుణించిన ఫలము ఎల్లప్పుడు ఒకటేయని ఆయనకు తెలిసెను. సంతోషము పట్టలేక ప్రక్కగదిలోని తల్లిని పిలిచి చెప్పెనట. మరునాడే హిగిన్సన్ పనికి ఒప్పుకొనెను.

ఆ సూత్రము సామాన్యుడును వాడుకొనదగినది గనుక ఇచ్చట కొంత వివరింపవలసియున్నది. ధ్వనిని పీల్చుటకు కొలబద్దగా సేబిన్ ఎంచుకొనినది తెరచిన కిటికీ. కిటికీకి తగిలిన ధ్వని బయటికి పోవును, మరల రాదు. కావున ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ సంపూర్ణముగా పీల్చునని లెక్క. గారపూసిన ఇటుక గోడ దానిలో నూటికి మూడు పాళ్లు మాత్రమే పీల్చును. తక్కినది వెనుకకు కొట్టును. కూర్చున్న మనిషి ఒక్కడు దాదాపు అర చదరపు మీటరు తెరచిన కిటికీకి సమానము. గది ఘనపరిమాణమును మీటర్లలో లెక్కకట్టి, 0.16తో గుణించి, పీల్చు వస్తువుల మొత్తముతో భాగించినచో ప్రతినాద కాలము సెకనులలో వచ్చును.

పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల పఠనమందిరము ఒకటి ఉన్నదనుకొందము. ఘనపరిమాణము 240. గోడలు, నేల, కప్పు అన్నియు కలిసి 248 చదరపు మీటర్లు. అన్నియు గట్టివి, నున్ననివి అయినచో పీల్చునది ఏడున్నరకు మించదు. తలుపులు మూసిన ఖాళీ మందిరమున మ్రోత ఐదు సెకనులు దాటును. సరిగా ఫాగ్ శాల స్థితియే ఇది. ఆరు చదరపు మీటర్ల మేర కిటికీలు తెరచినచో కాలము మూడు సెకనులకు లోపు వచ్చును. అరువదిమంది వచ్చి కూర్చున్నచో ఒక సెకను దరిదాపునకు దిగును. వార్షికోత్సవ సభలో జనము నిండినపుడు వక్త మాట స్పష్టముగా నుండి, పదిమంది కూడ లేని సాయంకాలమున అదే మందిరము మారుమ్రోగుటకు కారణము ఇదియే.

సేబిన్ ఈ లెక్కను చేతబట్టి బోస్టను సభాభవనపు కొలతలు దిద్దెను. జర్మనీ దేశమున లైప్‌జిగ్ నగరపు గెవాంట్‌హౌస్ సంగీతశాల నాడు ఆదర్శముగా నుండెను. అందు సుమారు 1,500 మంది కూర్చుందురు. బోస్టనువారికి 2,600 మంది కూర్చుండు శాల కావలెను. కొలతలన్నియు అదే పాళ్లలో పెంచినచో చాలునని తోచుట సహజము. కాని అట్లు పెంచినచో ఘనపరిమాణము మితిమీరి మ్రోత హద్దు దాటునని సేబిన్ లెక్కగట్టి చూపెను. శాలను వెడల్పు చేయక పొడవుగా ఉంచి, మిద్దె వరుసలు రెండు చేర్చి, వాద్యకారుల వేదికను ఒక గూటివలె ముందునకు తెరచుకొనునట్లు కట్టించిరి. లైప్‌జిగ్ శాలకు 2.30 సెకనులు, క్రొత్త శాలకు 2.31 సెకనులు అని ఆయన ముందే వ్రాసి పెట్టెను. కట్టబోవు భవనమున మ్రోత ఎంతసేపు నిలుచునో ఇటుక పేర్చకముందే సంఖ్యతో చెప్పుట చరిత్రలో అదియే మొదలు.

1900 అక్టోబరు 15న భవన ప్రారంభము జరిగెను. ప్రశంస ఒక్కచోట, నింద ఒక్కచోట. పత్రికల విమర్శకులు కొందరు పెదవి విరిచిరి. వాద్యధ్వనికి నిండుతనము చాలలేదనిరి. విమర్శ ఏండ్ల తరబడి సాగెను. సేబిన్ వాదమునకు దిగలేదు. ఆ శాలను గూర్చి మాటలాడుట కూడ తగ్గించెను. ఆయన జీవించియుండగా ఆ పని విలువ లోకమునకు పూర్తిగా తెలియలేదనియే చెప్పవలెను. నేడు ప్రపంచమున సంగీతమునకు శ్రేష్ఠమైన శాలలు మూడింటిని ఎన్నుమన్నచో నిపుణులు అందు బోస్టను శాలను తప్పక చేర్చుదురు. తరువాతివారు సూక్ష్మయంత్రములతో కొలిచినపుడు జనము నిండిన శాలలో కాలము రెండు సెకనులకు ఇంచుక తక్కువగా తేలెను. అనగా ఆయన సంఖ్యలో కొంత తేడా ఉన్నమాట నిజమే. చెవిని, ఆర్గను గొట్టమును నమ్ముకొని చేసిన మొదటి లెక్కకు అంత తేడా వచ్చుట వింత కాదు. అంత దగ్గరకు వచ్చుటయే వింత.

ఆ సంవత్సరమే ఆయన జేన్ కెల్లీ అను వైద్యురాలిని వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు. 1906లో ఆయనను శాస్త్రశాఖాధిపతిగా నియమించిరి. విద్యాలయ పరిపాలనము ఆయన కాలమును చాల మ్రింగివేసెను. అయినను దేశమున నలుమూలల నుండి చర్చిలవారు, నాటకశాలలవారు, న్యాయస్థానములవారు ఉత్తరములు వ్రాయుచునే యుండిరి. ఆయన స్వయముగా పోయి చూచుచుండెను. రఫాయెల్ గువస్తవీనో అను కప్పుల నిర్మాతతో కలిసి, రాయివలె గట్టిగా నుండి ధ్వనిని పీల్చు రంధ్రపు పలకలను తయారు చేయించెను. న్యూయార్కులోని సెయింట్ థామస్ దేవాలయమున ఆ పలకలు వాడిరి.

ఇంతవరకు చెప్పినది గదిలో పుట్టిన ధ్వనిని గూర్చినది. బయటినుండి వచ్చు రొదను ఆపుట వేరు శాస్త్రము. ఈ రెంటిని ఒకటిగా భ్రమించువారు నేటికిని కలరు. గోడకు మెత్తని గుడ్డలు, గుంతలు గల అట్టలు అంటించినచో వీథి రొద ఆగునని నమ్మి ధనము పాడుచేసికొందురు. మెత్తని వస్తువు లోపలి మ్రోతను పీల్చును గాని బయటి రొదను ఆపలేదు. ఆపునది బరువు, బిగువు. సేబిన్ దీనిని కూడ వదలక 1915లో ధ్వని నిరోధమును గూర్చి వ్యాసము ప్రకటించెను. సంగీత విద్యాలయములలో ప్రక్కప్రక్క గదులలో ఒకడు పాడుచుండగా ఒకడు వాయించును. గోడలు దళసరిగా కట్టినను ధ్వని దాటిపోవుట చూచి యజమానులు విస్తుపోయిరి. ఒక గదిలో గొట్టమును ఊదించి, నడుమ కంబళి పొరలు, ఇనుప రేకులు ఒకదాని వెనుక ఒకటిగా చేర్చుచు, ఆవలి గదిలో ఎంత వినబడునో ఆయన కొలిచెను. గట్టి పొర, గాలి సందు, మెత్తని పొర, మరల గట్టి పొర అనునట్లు కూర్చినచో ఒంటి గోడకంటె మేలని ఆ ప్రయోగములు చూపినవి.

నేటి శాస్త్రము ఆ దారినే చాల దూరము పోయినది. గోడ బరువు రెండింతలైనచో దాటివచ్చు రొద ఐదారు డెసిబెల్‌లు తగ్గును. పది డెసిబెల్‌లు తగ్గినచో చెవికి రొద సగమైనట్లు తోచును. కాని గోడలో నూటికి ఒక పాలు సందున్నచో, తక్కిన గోడ కోటగోడ అయినను ఇరువది డెసిబెల్‌లకు మించి ఆగదు. నీటికుండకు చిల్లి ఎట్టిదో ధ్వనికి సందు అట్టిది. తెలంగాణపు పాత ఇండ్లలో మూరెడు మందపు మట్టిగోడలు, దూలములపై మట్టి పరచిన మిద్దెకప్పులు ఉండెడివి. ఎండకై కట్టినను అవి బరువువలన రొదను కూడ ఆపెడివి. రేకుల కప్పు క్రింద నడచు బడికి ఆ రక్షణ లేదు. వాన కురిసినను, విమానము పోయినను పాఠము ఆగవలసినదే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. సేబిన్ లెక్కలో అందరికంటె మేలైన పీల్పరి తెరచిన కిటికీ. విమానపు రొదకు అదే తెరచిన ద్వారము. నిశ్శబ్దమైన ఊరిలో కిటికీలు తెరచి గది మ్రోతను పోగొట్టుకొనవచ్చును. విమానము క్రింది ఊరిలో కిటికీ మూసి, మ్రోతను పీల్చుటకు లోపల నార పలకలు, పుస్తకముల అలమరలు, దళసరి తెరలు చేర్చి, గాలికి వేరు దారి వెదకవలెను. కావున ఒక ఊరికి చెప్పిన ఉపాయము ఇంకొక ఊరికి పనికిరాదు. ప్రతి గదిని విడిగా చూడవలసినదేయని సేబిన్ తన వద్దకు వచ్చినవారితో పట్టుబట్టుట ఇందుకే. మన దేశమున 2000 సంవత్సరపు ధ్వని నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దుగా విధించినవి. విమానాశ్రయముల చుట్టునున్న మండలములకు 2018లో వేరుగా ప్రమాణములు ప్రకటించిరి. రద్దీ గల ఆశ్రయముల వద్ద అవి పగలు 70, రాత్రి 65. ఈ రెండు లెక్కల నడుమనున్న పదునైదు, ఇరువది డెసిబెల్‌ల వెలితిని అచ్చటి ఇంటి గోడ, ఇంటి కప్పు, ఇంటి కిటికీ పూరింపవలసియున్నది.

సేబిన్ తుది దినములు కూడ విమానములతోనే ముడిపడుట విచిత్రము. మొదటి ప్రపంచ యుద్ధము సాగుచుండగా ఆయన ఐరోపాకు పోయి, పారిస్ విశ్వవిద్యాలయమున ధ్వనిశాస్త్రముపై ఉపన్యసించెను. ఆరోగ్యము అచ్చటనే చెడెను. అయినను కోలుకొనకముందే మిత్రరాజ్యముల సేనలకు శాస్త్రసహాయము చేయ పూనుకొని, యుద్ధరంగములను చూచి, 1917లో స్వదేశమునకు మరలెను. అమెరికా ప్రభుత్వము ఆయనను విమానోత్పత్తి శాఖలో సాంకేతిక సమాచార విభాగమునకు అధిపతిగా నియమించెను. విమానశాస్త్ర జాతీయ సలహా సంఘమునందును సభ్యత్వమిచ్చిరి. ఆ సంఘమే నలువది యేండ్ల తరువాత 1958లో నాసాగా మారెను. సేబిన్ ఆ రోజులలో హార్వర్డు పాఠములు మానలేదు. వాషింగ్టనునకు, కేంబ్రిడ్జికి నడుమ రైలులో తిరుగుచు రెండు ఉద్యోగములు మోసెను. వైద్యురాలైన భార్య ఇంటనున్నను, విశ్రాంతి తీసికొనుమని చెప్పినవారి మాట ఆయన చెవినబెట్టలేదు. మూత్రపిండముల వ్యాధి ముదిరెను. యుద్ధము ముగిసిన రెండు మాసములకు, 1919 జనవరి 10న, శస్త్రచికిత్స అనంతరము ఆయన కన్ను మూసెను. వయస్సు ఏబది యేండ్లు.

ఆయన కొరకు కట్టిన ఒక భవనము అప్పటికే సిద్ధమైయుండెను. ఇల్లినాయ్ రాష్ట్రమున జెనీవా అను ఊరిలో జార్జి ఫేబియన్ అను ధనవంతుడు తన రివర్‌బ్యాంక్ ఎస్టేటులో 1918లో ధ్వని ప్రయోగశాల నిర్మించెను. బయటి చప్పుడు సోకకుండ గదిలోపల గదిగా, వేరు పునాదిమీద కట్టిన శాల అది. కేంబ్రిడ్జిలో ట్రాము బండ్లు ఆగువరకు అర్ధరాత్రులు కాచుకొనిన మనిషికి, పట్టపగలు పనిచేసికొనదగిన గది చేతికి అందబోవుచుండగా ఆయువు చాలలేదు. ఆయన దాయాది పాల్ సేబిన్ అచ్చటికి వచ్చి ఆ పని కొనసాగించెను.

ఆయన వ్యాసములు కూర్చిన సంపుటము 1922లో వెలువడెను. ప్రచురించినది అంతయు ఒక్క సంపుటములో ఇమిడినది. నిశ్చయము కానిది అచ్చు వేయుట ఆయనకు ఇష్టము లేకుండుటయే ఇందుకు కారణము. 1930లో కార్ల్ ఐరింగ్ అను శాస్త్రజ్ఞుడు సేబిన్ సూత్రమునకు ఒక సవరణ చేసెను. గోడలన్నియు ధ్వనిని బాగుగా పీల్చు గదులలో పాత లెక్క సరిపోదని చూపెను. సాధారణ గదులకు పాత లెక్కయే నేటికిని వాడుచున్నారు. మన దేశమున ఇదే విద్యపై ఆసక్తిగలవాడు సర్ చంద్రశేఖర వేంకట రామన్. విశాఖపట్టణమున బాల్యము గడపిన ఆ మహాశయుడు 1921లో లండనునకు పోయినపుడు సెయింట్ పాల్ దేవాలయపు గోపురములో గుసగుస కూడ ఆవలి గోడవరకు పాకిపోవుట పరిశీలించి, తరువాత బీజాపురపు గోల్‌గుంబజును కూడ పరీక్షించి వ్యాసములు వ్రాసెను. సేబిన్ మ్రోతను అణచు మార్గము వెదకగా, రామన్ మ్రోత ప్రయాణించు మార్గమును వెదకెను.

పీల్చు శక్తికి కొలతగా నేడు వాడు ప్రమాణమునకు సేబిన్ అని పేరు పెట్టిరి. బోస్టను సభాభవనమున నేటికిని సంగీతసభలు జరుగుచున్నవి. ఫాగ్ కళాశాల వేరు భవనమునకు మారినది. మెత్తలు మోసిన ఆ పాత ఉపన్యాసశాలను, హార్వర్డువారు విద్యార్థుల వసతిగృహమునకు స్థలము చాలక, 1973లో పడగొట్టించిరి.